హెల్మెట్ మరిచిన కొలత

ఫోన్ మోగేసరికి ఆమె చేతుల్లో సగం అల్లిన జడ, నోట్లో దువ్వెన ఉన్నాయి. శనివారం, పొద్దున పది గంటలు, షాపుకి సెలవు. జడ వదిలేస్తే మళ్ళీ మొదటినుంచీ అల్లుకోవాలి. అందుకని మోచేత్తో ఫోన్ నొక్కి, స్పీకర్లో పెట్టి, దువ్వెన సందులోంచే "ఊఁ" అంది.

"పధ్నాలుగో నంబరు బండి వాళ్ళేనా అమ్మా?"

చెకింగ్ మాస్టారు! రేసు క్లబ్బులో ప్రతి బండినీ కొలిచి, తూచి, కిందకి దూరి, టార్చిలైటు వేసి చూసే పెద్దమనిషి. ఆయన ఫోన్ చేశారంటే ఎక్కడో ఏదో తేడా వచ్చిందన్నమాటే.

"ఊఁ," అంది మళ్ళీ, ఈసారి భయంగా.

"పోయిన ఆదివారం పందెంలో మీది నాలుగో స్థానం కదా. మీకు ముందొచ్చిన బండిని నిన్న తీరిగ్గా తూచాను. ఉండాల్సిన బరువుకి పదకొండు కిలోలు తక్కువుంది. దాన్ని తీసేశాం. కాబట్టి ఇప్పుడు మీరు మూడు."

దువ్వెన కింద పడింది. జడ ఊడిపోయింది. ఆమె వేసిన కేకకి వెనక షెడ్డులో గేటుకి వెల్డింగు చేస్తున్న భర్త, మాస్కు నెత్తిమీదికి తోసుకుని, ఒక చేతికి గ్లవ్‌తో పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? బల్లా?"

"మూడు!"

"మూడు బల్లులా?"

"కాదు! మూడో స్థానం! మనం! మన ఒంటికన్ను బండి!"

అతను అక్కడికక్కడే ఒక గంతు వేశాడు. తర్వాత ఆ గ్లవ్ చేత్తోనే ఆమెని నడుం పట్టి ఎత్తి గదిలో గిర్రున తిప్పాడు. దించేసరికి లేతపసుపు డ్రెస్సు మీద ఐదు వేళ్ళూ నల్లగా అచ్చుపడ్డాయి. ఈ డ్రెస్సు ఇక జన్మలో ఉతకనని ఆమె అప్పటికప్పుడే తీర్మానించుకుంది. పెళ్ళయి నాలుగు నెలలు. అలాంటి తీర్మానాలు ఆ ఇంట్లో వారానికి రెండైనా అవుతున్నాయి.

"కిటికీలు తెరిచున్నాయర్రా," అంది కుట్టుమిషను దగ్గర్నుంచి అత్తగారు, తల ఎత్తకుండానే. "ఎదురింటావిడ పొద్దున్నుంచీ ఒకే బట్ట ఆరేస్తోంది పాపం."

బల్లమీద ఫోన్ దగ్గింది.

"నేనింకా లైన్లోనే ఉన్నానమ్మా," అన్నారు చెకింగ్ మాస్టారు.

ఇద్దరూ ఒకేసారి ఫోన్ మీద పడ్డారు.

"మొదటి మూడింట్లోకి వచ్చారు కాబట్టి మీకూ పెట్టె వర్తిస్తుంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి బండి మైదానానికి తెండి. ఉన్నదున్నట్టు తేవాలి సుమా. శుభాకాంక్షలు."

ఫోన్ పెట్టేశారు. గదిలో కుట్టుమిషను చప్పుడొక్కటే మిగిలింది. కాసేపటికి అదీ ఆగింది.

"పెట్టె," అన్నాడతను, మాస్కు తీసి చేతిలో పట్టుకుని.

ఆ పెట్టె కథ తెలియాలంటే ముందు పందెం కథ తెలియాలి. అది ఇంట్లో కట్టుకున్న బండ్ల పందెం. ఒక్క మనిషి కూర్చునే, రోడ్డు మీదికి పనికిరాని, రేసుకి తప్ప ఎందుకూ కొరగాని బండి. ఎవరికి వారు సొంతంగా కట్టుకోవాలి. మొత్తం ఖర్చు రెండు కొత్త స్కూటర్ల ధర దాటకూడదు. దాటలేదని ఎలా తెలుస్తుంది? బిల్లులదేముంది, సొంత బావమరిది షాపులో ఎన్ని కావాలంటే అన్ని రాయించుకోవచ్చు. అందుకని క్లబ్బువాళ్ళు బిల్లులు చూడ్డం మానేసి ఒక చెక్కపెట్టె పెట్టారు. పందెంలో పాల్గొన్నవాళ్ళెవరైనా మొదటి మూడు బండ్లలో ఒకదాని నంబరు చీటీ మీద రాసి ఆ పెట్టెలో వెయ్యొచ్చు. రెండు స్కూటర్ల ధర కట్టి బండి తోలుకుపోవచ్చు. సొంతదారు కాదనడానికి లేదు. కాదంటే ఏడాదిపాటు గేటు బయట నిలబడి చూడాల్సిందే.

నాలుగు స్కూటర్ల డబ్బు పోసి బండి కట్టిన ఆసామి దాన్ని రెండింటికి ధారపోసుకోవాలి. ఆ భయంతో ఎవరి చెయ్యీ జేబులో మరీ లోతుకి దిగదు. చెకింగ్ మాస్టారి తెలివి అది.

దానికో మెలిక కూడా పెట్టారాయన. కొనేవాళ్ళు గానీ, వాళ్ళింటి మనిషి గానీ అక్కడికక్కడే బండెక్కి, హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని ఒక చుట్టు తిరిగి చూపించాలి. బండిలో ఒక్క మేకు కూడా మార్చకూడదు. ఎక్కిన మనిషి బండిలో పట్టకపోతే చీటీ చెల్లదు. మునుపెవరో బండి కొని, ఇంజను పీక్కుని, మిగతాది తూకానికి అమ్మేశాడట. అప్పట్నుంచీ ఈ మెలిక.

"నీ మొహం. మన ఒంటికన్నుని ఎవరడుగుతారు?" అన్నాడతను, ఆమెకి ధైర్యం చెప్తూ తన గ్లవ్ ఎక్కడుందో వెతుక్కుంటూ. గ్లవ్ చేతికే ఉంది.

అతను చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. ఒంటికన్ను చూడ్డానికి అందగత్తె కాదు. ముందు భాగం గుద్దుకుపోయిన ఒక బైకు ఇంజను దానికి గుండెకాయ. చట్రానికి వాడినవి గేట్లకి వాడే పైపులే. టైర్లు ఎవరో అరగదీసి వదిలేసినవి. ఒంటి మీద రేకు మాత్రం ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న సారెలాంటిది. ఆమె చూపు పరీక్షలు చేసే కళ్ళద్దాల షాపువాళ్ళు పాత బోర్డు మారుస్తుంటే అడిగి తెచ్చింది. బోర్డు మీద తలుపంత కన్ను. కత్తిరించి అతికించేసరికి ఆ కన్ను బండికి సరిగ్గా ఎడమ పక్కన వచ్చి కూర్చుంది. పక్కనుంచి దాటిపోతే ఎవరో ఓరగా చూసినట్టే ఉంటుంది. అందుకే ఆ పేరు.

ఇక బండి లోపలి సరుకంతా అత్తగారిది. ఆవిడ కుట్టుమిషనుకి మోటారు పెట్టాక ఖాళీగా పడున్న కాలిపలక రెండు ముక్కలై బ్రేకూ, యాక్సిలరేటరూ అయింది. వంటింటి జల్లెడ గాలి వడపోతకి వెళ్ళింది. బట్టలారేసే తీగ గేరు తీగై కూర్చుంది.

"నా ఇల్లంతా గంటకి నూటపది మైళ్ళ వేగంతో తిరుగుతోంది," అంటుంది ఆవిడ వచ్చినవాళ్ళందరితో. వేగం ఎప్పుడూ కాస్త ఎక్కువే చెప్తుంది. ఆ గొంతులో ఉన్నది ఫిర్యాదో గొప్పో కోడలికి ఇప్పటికీ అంతుచిక్కలేదు.

కానీ ఒంటికన్నుకి ప్రాణం పోసింది ఇవేవీ కావు. ఒక తప్పు.

పెళ్ళయిన ఐదో రోజున అతను పీట వేసి, "ఇలా గోడకానుకుని కూర్చో," అన్నాడు. జేబులోంచి టేపు తీశాడు. తుంటినుంచి మోకాలికి, మోకాలినుంచి మడమకి, భుజంనుంచి భుజానికి కొలిచాడు. చాక్‌పీసుతో గోడ మీద ఆమె తల ఎత్తు గీశాడు. చెవి పక్కన అతని ఊపిరి తగులుతుంటే ఆమె కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది. డ్రెస్సు కుట్టించబోతున్నాడని ఆమె నమ్మకం. రోజంతా కళ్ళద్దాల ఫ్రేములు మిల్లీమీటర్లలో కొలిచే పిల్ల, డ్రెస్సుకి మడమ కొలత ఎందుకని ఒక్కసారైనా అడగలేదు. పది రోజులు ఎదురుచూసింది. పదకొండో రోజున షెడ్డుకి తీసుకెళ్ళి, పైపులతో చేసిన ఒక పెద్ద పంజరం చూపించి, "నీదే," అన్నాడు.

"ఇదా నా డ్రెస్సు?"

"డ్రెస్సేంటి?" అన్నాడు పాపం, నిజంగానే తెలియక.

అంతకుముందు ఆమె స్కూటరు తప్ప ఏదీ నడపలేదు. అయినా ఎక్కింది, నవ్వింది, హెల్మెట్ పెట్టుకుంది. తల పైపుకి ఠంగుమని కొట్టుకుంది.

అతను హెల్మెట్ లేకుండా కొలిచాడు. తల మీది పైపు, హెల్మెట్ కన్నా రెండు వేళ్ళు ఎత్తుండాలని నియమం. ఇక్కడేమో రెండు వేళ్ళు తగ్గింది. పైపులన్నీ అప్పటికే కొలతకి కోసేశాడు. కొత్తవి కొంటే ఖర్చు గీత దాటుతుంది. గట్టిగా వెల్డింగు చేశాడేమో, ఊడదియ్యడం కూడా సాధ్యం కాదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అతను తల పట్టుకుంటే, "పైపు పైకి పోకపోతే నేను కిందకి పోతాను," అందామె.

సీటు తీసి పారేశారు. నేల రేకు మీద పెద్ద నల్ల చెత్తసంచి పరిచారు. రెండు డబ్బాల్లోని మందులు కలిపితే పాలపొంగులా పొంగి, పావుగంటలో బిగుసుకుపోయే నురుగు దొరుకుతుంది. అది సంచిలో పోసి, పైన ఆమె పడక్కుర్చీలో వాలినట్టు వాలి పడుకుంది. అది కిందనుంచి పొంగి ఆమె వీపుకీ, నడుముకీ, భుజాలకీ అమరుకుంటుంటే కితకితలు పుట్టి నవ్వొచ్చింది. నవ్వితే అచ్చు చెడుతుందని అతను, "ఏదైనా విషాదం గుర్తు తెచ్చుకో, విషాదం!" అని బతిమాలాడు. ఆమె డ్రెస్సుని గుర్తుతెచ్చుకుంది.

అలా ఆమె నేలకి జానెడెత్తున పడుకుంది. బండి బరువంతా ఆమెతోపాటు కిందకి దిగింది. మిగతా బండ్లు మలుపుల్లో వొరిగి, తడబడి, నెమ్మదించే చోట ఒంటికన్ను నేలని కరుచుకుని దూసుకుపోవడం మొదలుపెట్టింది. మూడో మలుపులో, చెవులకి దగ్గరగా గాలి హోరెత్తుతుంటే, ఆకాశం తప్ప ఇంకేదీ కనపడని ఆ అర నిమిషంలో ఆమె మొదటిసారి పెద్దగా పాడింది. అది ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా.

ఇప్పుడు ఆ బండికి చీటీ పడొచ్చు.

"పళ్ళ డాక్టరు వేస్తాడు," అందామె షెడ్డులో, బండి మీది గుడ్డ తీస్తూ. "పోయిన ఆదివారం చెప్పనే చెప్పాడుగా."

పళ్ళ డాక్టరు కూడా పందెగాడే. బండి ఆయన క్లినిక్కులాగే తెల్లగా, మెరుస్తూ, కాస్త భయపెడుతూ ఉంటుంది. పందెం అయ్యాక ఒంటికన్ను చుట్టూ రెండుసార్లు తిరిగి, "అదృష్టవంతులమ్మా, నాలుగో స్థానం. మూడైతే చీటీ వేసేవాణ్ణి," అని ముప్పైరెండూ కనపడేలా నవ్వాడు. అలా నవ్వడం ఆయన వృత్తిధర్మం. అప్పుడు వీళ్ళిద్దరూ కూడా నవ్వారు.

"ఆయన ఆరడుగుల రెండంగుళాలు," అన్నాడతను ఉత్సాహం తెచ్చుకుని. "నీ అచ్చులో ఆయన మోకాళ్ళు పట్టడం కల్ల. ఎక్కలేడు. చీటీ చెల్లదు. అయిపోయె."

"ఇంటి మనిషెవరైనా ఎక్కొచ్చు కదా."

"ఆయనింట్లో ఎవరున్నారు?"

ఆమెకి గుర్తొస్తోంది. ప్రతి ఆదివారం కంచె పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని అన్నయ్యకి టైము రాసే డాక్టరు చెల్లెలు. క్లినిక్కులో టోకెన్లు పిలిచే పిల్ల. గట్టిగా మాట్లాడినట్టు ఎవరూ ఎరగరు. పోయినవారం దగ్గరకొచ్చి, "అలా పడుకుని నడుపుతుంటే భయం వెయ్యదా అక్కా?" అని అడిగింది. "వేస్తుంది. అందుకే బావుంటుంది," అని తను చెప్తే ఆ పిల్ల కంచె పట్టుకుని చాలాసేపు బండికేసి చూసింది.

ఆ పిల్లదీ, తనదీ ఒకటే ఎత్తు. చెప్పులతో సహా.

విషయం విన్నాక అతను కొంతసేపు గేటు ఊచలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. తర్వాత అటక మీదినుంచి రెండు డబ్బాలు దించాడు. మిగిలిపోయిన నురుగు మందు.

"ఏంటది?"

"ఏం లేదు. నడుం దగ్గర రెండు వేళ్ళ మందం. అంతే. నువ్వు ఊపిరి బిగబడితే పడతావు. ఇంకెవరూ పట్టరు." ఆమెకేసి చూడకుండా డబ్బా మూత తిప్పుతున్నాడు. "నీ కోసమే. నాకేముంది, నేను ఇంకో గేటు చేసుకుంటా."

ఆమె డబ్బాలు అందుకుంది. మూతలు తీసింది కూడా. అచ్చులో చెయ్యి పెట్టింది. భుజాల దగ్గర గుంట, నడుం దగ్గర వంపు, ఎడమ పక్కన చిన్న గీత. అది ఆ రోజు ఎంత ఆపుకున్నా ఆగని నవ్వు వల్ల పడింది. ఇప్పుడు కొత్తగా నురుగు పోసినా ఎవరికీ తెలియదు. చెకింగ్ మాస్టారు టార్చి వేసి చూసినా నురుగు మీద నురుగు కనపడదు.

"మేస్త్రీ గారూ," అందామె.

"చెప్పండి, పైలట్ గారూ."

"ఆ పెట్టే లేకపోతే ఈ పందెంలో ఎవరెవరుండేవారు?"

అతను ఆలోచించాడు. "డాక్టరు. మార్బుల్ షాపాయన. ఫ్యాక్టరీ వాళ్ళబ్బాయి."

"మనం?"

"మనం టిక్కెట్టు కొనుక్కుని, పల్లీలు తింటూ చూసేవాళ్ళం."

"అదే కదా." ఆమె మూతలు బిగించి డబ్బాలు అతని చేతిలో పెట్టింది. కళ్ళ నీళ్ళు మోచేత్తో తుడుచుకుంది. "ఆ పెట్టె పుణ్యాన లోపలికొచ్చి, ఇప్పుడు దాని కళ్ళల్లోనే మందు కొడితే ఎలా?"

గుమ్మంలో చప్పుడైంది. అత్తగారు. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు.

"ఒరేయ్, నువ్వు నాకు పుట్టావు గానీ, బుద్ధి మటుకు ఈ అమ్మాయి తెచ్చుకుంది," అంది. "అన్నం తినండి. ఏడిచేదేదో తిని ఏడవండి."

నాలుగు కొట్టేసరికి గేట్లు మోసే మోటారు ట్రాలీ మీద ఒంటికన్నుని ఎక్కించుకుని మైదానానికి చేరారు. ఒకప్పుడు విమానాలు దిగిన చోటట అది. ఇప్పుడు పగుళ్ళలో గడ్డి మొలిచి, అటూ ఇటూ పాత టైర్లు పేర్చి ఉంది. మొదటి రెండు బండ్ల సొంతదారులు అప్పటికే గోళ్ళు కొరుక్కుంటున్నారు. చెకింగ్ మాస్టారు బల్ల మీద పెట్టె పెట్టి, అందరికీ చూపించి, తలకిందులు చేశారు.

ఒకే ఒక్క చీటీ పడింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆ కళ్ళజోడు ఆమె షాపులో చేయించిందే. "పధ్నాలుగు," అన్నారు.

మిగతా ఇద్దరు సొంతదారులూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. పందెంలో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు.

పళ్ళ డాక్టరు ముందుకొచ్చాడు. వెనకాల స్టాప్‌వాచ్‌తో చెల్లెలు.

"ముందు నేనే చూస్తాను," అన్నాడాయన, చొక్కా చేతులు మడుస్తూ.

"అన్నయ్యా, నువ్వు పట్టవు," అంది చెల్లెలు మెల్లిగా.

"బండన్నాక మనిషి పట్టకపోవడమేంటి?"

ముందు ఒక కాలు పెట్టాడు. తర్వాత రెండో కాలు పెట్టాడు. ఆ తర్వాత ఏ కాలు ఏదో ఆయనకే తెలియలేదు. మోకాళ్ళు చెవుల దగ్గరికొచ్చాయి. హెల్మెట్ పైపుకి తగిలి ఠంగుమంది. వెనక్కి వాలబోయి నడుం దగ్గర ఇరుక్కుపోయాడు.

"నోరు తెరవండి డాక్టరు గారూ," అంది అత్తగారు. "నొప్పెక్కడో చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. ఒక చెయ్యి మాస్టారు, ఒక చెయ్యి గేట్ల మేస్త్రి పట్టుకుని లాగితే, సీసాలోంచి బిరడా వచ్చినట్టు బయటికొచ్చాడు. చొక్కా గుండీ ఒకటి మాత్రం లోపలే ఉండిపోయింది. ఆయన కూడా నవ్వేశాడు. ఈసారి పళ్ళు చూపించడానికి కాదు.

ఆమె మొగుడు ఆమె చెయ్యి వెతికి పట్టుకుని నొక్కాడు. అయిపోయింది, మనకే మిగిలింది అన్నట్టు. ఆమె కూడా తిరిగి నొక్కింది.

"చీటీ చెల్లదని రాసెయ్యనా?" అని మాస్టారు కలం తీశారు.

"ఒక్క నిమిషం మాస్టారూ." చెల్లెలు స్టాప్‌వాచ్ తీసి అన్నయ్య చేతిలో పెట్టింది. "ఇంటి మనిషైనా ఎక్కొచ్చు కదా?"

అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడగా ఎవరూ వినలేదు. డాక్టరు కూడా విననట్టే ఉంది, వాచీ తలకిందులుగా పట్టుకుని చూస్తున్నాడు.

చెల్లెలు అంచు మీద చెయ్యానించి, కాళ్ళు ముందుకి చాపి, వెనక్కి వాలింది. అంతే. కాగితం కవరులోకి జారినట్టు జారిపోయింది. భుజాలు గుంటల్లో కూర్చున్నాయి. పాదాలు కుట్టుమిషను పలకల మీద ఆనాయి. మాస్టారు హెల్మెట్ మీద రెండు వేళ్ళు పెట్టి చూశారు. సరిగ్గా రెండు వేళ్ళే.

"అక్కా," అని పిలిచింది హెల్మెట్ లోంచి. "ఎడమవైపు ఏదో గుచ్చుతోంది."

"అది నా నవ్వు," అందామె. వంగి బెల్టులు తనే బిగించింది. బిగిస్తూ బిగిస్తూ చెవి దగ్గరగా, "మూడో మలుపులో బ్రేకు తొక్కకు. తొక్కాలనిపిస్తుంది. ఊరికే కాలు తీసెయ్, అదే తిరుగుతుంది," అంది. ఇంతకుముందు ఎవరికీ చెప్పనిది. చెప్పాక, ఎందుకు చెప్పానా అనుకుంది. అప్పటికే ఇంజను అందుకుంది.

ఒంటికన్ను వెళ్ళిపోయింది. మొదటి మలుపులో బెరుగ్గా, రెండో మలుపులో కాస్త తెగువగా. మూడో మలుపు దగ్గర, ఇవతల నిలబడి చూస్తున్న ఆమె కూడా ఒక పక్కకి వొరిగింది. కుడికాలు దానంతటదే నేలమీంచి లేచింది. అవతల బండి నేలని కరుచుకుని, తలుపంత కన్నుతో అందర్నీ ఓరగా చూస్తూ దూసుకొచ్చింది.

ఆగాక చెల్లెలు హెల్మెట్ తీసింది. జుట్టంతా చెదిరింది. మొహం ఎర్రగా వెలిగిపోతోంది. ఏదో చెప్పబోయి, మాట రాక, ఊరికే నవ్వింది.

ఆ మొహం ఆమెకి తెలుసు. అలా వెలిగే తన మొహాన్ని అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదు గానీ, తను మొదటిరోజు బండి దిగినప్పుడు మొగుడు ఎందుకలా బొమ్మలా నిలబడిపోయాడో ఇప్పుడర్థమైంది.

"పాడావా?" అని అడిగింది రహస్యంగా.

చెల్లెలు ఉలిక్కిపడింది. "వినపడిందా?"

"లేదు. నాకు తెలుసు."

తాళం చెవి తనే ఇచ్చింది. ముక్కు మాత్రం ఎర్రబడింది. డాక్టరు డబ్బు కవరు మాస్టారికిస్తే, ఆయన లెక్కపెట్టి గేట్ల మేస్త్రికిచ్చాక, ముగ్గురూ సంతకాలు పెట్టారు. డాక్టరు కారు వెనకాల తాడు కట్టుకుని ఒంటికన్ను గేటు దాటి వెళ్ళింది. చివరిదాకా వీళ్ళకేసే చూస్తూ వెళ్ళింది. కన్ను ఇటువైపే ఉంది మరి.

ఖాళీ ట్రాలీ గలగలమంటూ ఇంటిదారి పట్టింది. ముందు అతను తోలుతున్నాడు. వెనకాల అత్తా కోడళ్ళిద్దరూ కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు.

"మనకి బండి ఎంతలో అయింది?" అంది అత్తగారు ఉన్నట్టుండి.

"ఒకటిన్నర స్కూటరు," అందామె ముక్కు తుడుచుకుంటూ.

"వచ్చింది రెండు. అంటే అర స్కూటరు మిగిలింది." ఆవిడ వేళ్ళు మడిచింది. "అందులో నాకో జల్లెడ. ఒక తీగ. కాలిపలక సంగతి తర్వాత చూద్దాం."

"అమ్మా, కాలిపలకెందుకే? మోటారుందిగా," అన్నాడతను ముందునుంచి.

"కరెంటు పోతే నీ కాలు పెట్టి కుట్టనా?" అని, కోడలికేసి తిరిగి గొంతు తగ్గించింది. "మిగిలింది పెట్టి ఒక మంచి డ్రెస్సు కుట్టించుకో. పది రోజులు ఎదురుచూశావటగా."

ఆమె సిగ్గుపడి, ఎవరు చెప్పారని ముందువైపు చూసింది. అద్దంలో అతను దొంగచూపు చూస్తున్నాడు.

"డ్రెస్సెందుకత్తయ్యా? ఒకటి ఉందిగా, అచ్చు వేసింది," అంది నడుం మీది నల్లటి ఐదు వేళ్ళూ చూపించి. ఆవిడ నోరు నొక్కుకుంది.

మలుపు తిరుగుతుంటే ట్రాలీ ఎడమకి వొరిగింది. ఆమె తెలియకుండానే నేలకేసి దిగింది, కుడికాలు లేచింది. ఒక్కసారిగా మోకాళ్ళ మీద ముందుకి పాకి, మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

"మేస్త్రీ గారూ! పైపుల కొట్టు ఆదివారం తీస్తారా?"

అతను బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగాడు. ఆ మొహం చూసేసరికి అతనికీ నవ్వాగలేదు.

"మధ్యాహ్నందాకా తీస్తారు. ఎన్ని పైపులు?"

"అప్పుడెన్ని కొన్నారో అన్నే. ఒక్కటి కూడా ఎక్కువొద్దు. రేపు పొద్దున ఏడింటికి పీట, టేపు, చాక్‌పీసు గోడ దగ్గర సిద్ధంగా పెట్టండి. కొలతలయ్యాక తొమ్మిదింటికి కొట్టుకి."

"సరే పైలట్ గారూ. ఈసారి హెల్మెట్ పెట్టుకునే కూర్చోండి."

"అక్కర్లేదు," అందామె. "పైపు ఠంగుమంటేనే కదా నేను కిందకి దిగేది. హెల్మెట్ అటక మీద పెట్టెయ్యండి."